సరిహద్దు ఇంట్లో ఎదిగే పిల్ల

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. నాకు ఇచ్చిన విషయం పెద్దది. మారుతున్న కుటుంబం, మారుతున్న సమాజం, ఎదిగే ఆడపిల్ల. ఇంత పెద్ద శీర్షిక పెడితే దాని కింద ఏదైనా మాట్లాడొచ్చు, ఏమీ మాట్లాడకుండా గంట గడిపేయనూ వచ్చు. అందుకని నేను గంజాం, గజపతి జిల్లాలు దాటి వెళ్లను. ఇక్కడి తెలుగిళ్లలో ఆడపిల్ల ఎలా పెరిగింది, ఇప్పుడెలా పెరుగుతోంది, అంతవరకే చెప్తాను. మధ్యలో ఓసారి యానాం వెళ్లొస్తాను, ఏమీ అనుకోకండి.

మనవాళ్లు ఏ సభ పెట్టినా ఒక మాట తప్పకుండా వస్తుంది. పిల్లలకి తెలుగు రావడం లేదు, ఇంట్లో ఆడవాళ్లు నేర్పడం లేదు అని. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ వింటున్నాను. ఇవాళ పొద్దున్న కూడా ఇద్దరు వక్తలు అన్నారు. మగవాళ్లు ఆఫీసు ఒడియాలో నడుపుకోవచ్చు, వ్యాపారం ఒడియాలో చేసుకోవచ్చు, కోర్టులో పోలీస్ స్టేషన్లో ఒడియా మాట్లాడొచ్చు, అవి బతుకుతెరువు కాబట్టి తప్పు లేదు. ఇంటికొచ్చేసరికి మాత్రం తెలుగు వినబడాలి. ముగ్గూ, అట్లతద్దీ, పెళ్లిపాటా, ఆవకాయా, పిల్లల నోట్లో తెలుగూ, అన్నిటికీ జవాబుదారీ ఇంటి ఆడది. సరే, జవాబుదారీ ఆవిడ నెత్తిన పెట్టారు. దానికి తగ్గ చదువు పెట్టారా? ఆస్తిలో ఏమైనా పెట్టారా? నేను ఇవాళ అడగదలచుకున్నది అదే. మిగతాదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. ఆ రోజు దాకా మనమంతా మద్రాసు కింద ఉన్నవాళ్లం. బరంపురం ఇటు వచ్చింది, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. పర్లాకిమిడి జమీందారీ నడిమికి చీలింది. దీని మీద మగవాళ్లు పెట్టిన సభలు, రాసిన అర్జీలు బోలెడన్ని ఉన్నాయి, చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో దశాబ్దాలు పాఠాలు చెప్పి, సవరల మధ్య తిరిగి వాళ్ల భాషకు నిఘంటువు, వ్యాకరణం కట్టిన మనిషి. ఊరు ఒరిస్సాలోకి పోతోందని ఆయన అన్నీ వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన బాధ నిజమైనది, దాని మీద నాకు గౌరవమే. మరి మా మామ్మ ఎక్కడికి పోతుందండీ? ఆవిడ పుట్టిల్లు టెక్కలి, అత్తిల్లు పర్లాకిమిడి. ఎవరూ ఆవిడని అడక్కుండానే పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, అత్తిల్లు ఇంకో రాష్ట్రంలో అయిపోయాయి. 1900లో మొదలైన నౌపడా చిన్న రైలు ఒకటి ఉండబట్టి, పురుడుకీ పండక్కీ టెక్కలి వెళ్లి వచ్చేది. ఆ నేరోగేజి బండి 2004 దాకా నడిచింది. ఆవిడకి సరిహద్దంటే ఆ రైలు కిటికీ దగ్గర సీటే. దాని మీద ఏ సభలోనూ మాట్లాడలేదు.

మామ్మ పెళ్లి సంగతి చెప్పాలి. 1929 సెప్టెంబరులో సార్దా చట్టం పాసయింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండాలని. అమలు మాత్రం 1930 ఏప్రిల్ 1 నుంచి. మధ్యలో ఆరు నెలలు గడువు దొరికింది కదా, దేశం దేశమంతా పిల్లల్ని పీటల మీద కూర్చోబెట్టేసింది. మామ్మని కూడా ఆ తొందరలోనే కూర్చోబెట్టారు. తనకి అప్పుడు ఏడో ఎనిమిదో, సరిగ్గా చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. పెళ్లిలో నిద్ర వస్తోందని ఏడిస్తే మేనమామ బెల్లం ముక్క నోట్లో పెట్టాడట. ఆవిడకి తన పెళ్లిలో గుర్తున్నది అదొక్కటే.

చట్టం అమల్లోకి వచ్చాక కూడా మనవాళ్లు ఊరుకోలేదు. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్లది. అక్కడ సార్దా చట్టం చెల్లదు. గోదావరి జిల్లాల నుంచి పిల్లల్ని బళ్లలో ఎక్కించుకెళ్లి అక్కడ మూడు ముళ్లు వేయించి తెచ్చుకునేవారు. ఆ ఊరికి కళ్యాణపురం అని పేరు కూడా పెట్టారు. చట్టం ఒక గీత గీస్తే మనం ఆ గీత దాటి పెళ్లి చేసుకొచ్చాం. ఈ సంగతి ఒకటి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

అంతకు ముందు తరం సంగతి గురజాడ వారు లెక్కతో సహా రాసి పెట్టారు. విజయనగరం మహారాజా విశాఖ జిల్లాలో మూడేళ్లలో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్లు, బ్రాహ్మణ కుటుంబాల్లోవి, రాయించారు. 1,034 తేలాయి. అందులో 99 మంది పిల్లలకు ఐదేళ్లు. ముగ్గురికి ఒక్క ఏడాది. గురజాడ ఈ అంకెలు 1897లో తన కన్యాశుల్కం నాటకం ముందుమాటలో ఇచ్చారు. ఇవాళ్టి కొరాపుట్, రాయగడ కూడా అప్పుడు ఆ జిల్లాలోవే. మన సంప్రదాయం గురించి గొప్పగా మాట్లాడేటప్పుడు ఈ ముగ్గురు పిల్లలు కూడా మన సంప్రదాయమే అని జ్ఞాపకం పెట్టుకుంటే మంచిది.

ఇక నా తరం. మేం బడికి వెళ్లాం. వెళ్లాం అంటే ఎక్కువమంది ఐదో తరగతి దాకా. తెలుగు బడి వీధి చివరే ఉండేది, ఫీజు లేదు, ఆడపిల్ల కళ్ల ముందే ఉంటుంది. అన్నదమ్ముల్ని మాత్రం ఒడియా హైస్కూలుకో ఇంగ్లీషు మీడియానికో పంపారు, ఉద్యోగం కావాలి కాబట్టి. తర్వాత నేను టీచర్నయి తెలుగు బళ్లలో పని చేసినన్నాళ్లూ ఇదే చూశాను. తరగతిలో ఆడపిల్లలే ఎక్కువ. పైకి చూస్తే ఎంత బాగుందో, ఆడపిల్లలు చదువుకుంటున్నారు అనిపిస్తుంది. మగపిల్లల్ని అప్పటికే వేరే బడికి మార్చేశారన్నది అసలు సంగతి. ఐదు తరగతులకీ ఒకే టీచరు. పోస్టు ఖాళీ పడితే నింపడానికి ఏళ్లు పట్టేది. పుస్తకాలు దీపావళి దాటాక వచ్చిన సంవత్సరాలు ఉన్నాయి. ఐదు అయిపోయాక నడిచి వెళ్లే దూరంలో తెలుగు హైస్కూలు లేదు. ఒడియా హైస్కూల్లో చేరాలంటే పిల్లకి ఒడియా అక్షరం రాదు. పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. నేత ఇల్లయితే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. బరంపురం పట్టుచీర కుంభం అంచు గురించి ఊరంతా గొప్పగా చెప్పుకుంటాం. ఆ చీర వెనక కండె చుట్టిన పిల్లకి కూలి లెక్క ఎవరూ కట్టలేదు. మగ్గం మీద కూర్చున్న తండ్రి కూలిలోనే అది కలిసిపోయింది.

మన భాష కాపాడింది ఆడపిల్లలే అంటారు చూడండి, అది ఇలా కాపాడించుకున్నాం. ఇంకెక్కడికీ వెళ్లడానికి దారి లేకుండా చేసి.

ఇంట్లో కూర్చోబెట్టడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ మగవాళ్లున్నారని తగ్గించి చెప్పను. పిల్ల పెద్దమనిషయితే మన ఇళ్లలో సమర్త వేడుక చేస్తాం. కొత్త తాటాకు చాప వేసి మూల కూర్చోబెట్టి, చిమ్మిలి ముద్దలు తినిపించి, పేరంటాళ్లు వచ్చి హారతి పాటలు పాడతారు. నాకు చేసినప్పుడు చిమ్మిలి నిజంగా బాగుంది, నువ్వులు మా అమ్మ స్వయంగా దంచింది. కానీ వీధి వీధంతా తెలిసిపోయింది. మా చెల్లెలి స్నేహితుడొకడు, తొమ్మిదేళ్లవాడు, గుమ్మంలోంచి తొంగిచూసి అప్పకి ఏమైంది, జ్వరమా అని అడిగాడు. పెద్దవాళ్లు నవ్వారు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆ వేడుక అయ్యాక బడికి పంపడం మా నాన్న ఇష్టం మీద ఆధారపడింది. మా నాన్న పంపాడు. మా వీధిలో నాతో చదివినవాళ్లలో చాలామందిని పంపలేదు.

ఆ మరుసటి జూన్లో మా ఇంటి ఎదురుగా కటకం వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒడియా కుటుంబం దిగింది. వాళ్ల దగ్గర రజ పండగ చాలా పెద్దది. ఇక్కడ మన వైపు అంత జోరు లేదు. భూదేవి ముట్టయిందని మూడు రోజులు దుక్కి దున్నరు, మట్టి తవ్వరు. ఆడపిల్లల చేత పని చేయించరు. కొత్త బట్టలు కట్టి, పొడొపిఠా తిని, చెట్టుకు ఊయల కట్టుకుని పొద్దస్తమానం ఊగుతారు. ఆ ఇంటి అమ్మాయి నన్ను కూడా రమ్మంది. నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో మూల చాప వేసిన సంగతికే వీళ్లు మామిడిచెట్టుకు ఊయల కట్టారు. భూమికి వచ్చిందట, అందుకు పండగట!

పొంగిపోనక్కర్లేదు. ఆ ఇంట్లో కూడా ఆ అమ్మాయిని నెలలో కొన్ని రోజులు వంటింట్లోకి రానిచ్చేవారు కాదని తర్వాత తెలిసింది. భూదేవికి ఊయల, పిల్లకి గుమ్మం బయట చోటు. ఏ భాషవాళ్లయినా అక్కడ పెద్ద తేడా లేదు. కాకపోతే సరిహద్దులో పెరిగే పిల్లకి ఒక లాభం ఉంది. ఒకే సంగతిని రెండు ఇళ్లలో రెండు రకాలుగా చూస్తుంది. చూశాక, ఇది ఇలాగే ఉండాలి, సృష్టి మొదలైనప్పటినుంచీ ఇలాగే ఉంది అని అమ్మ చెప్తే పూర్తిగా నమ్మదు.

మేనరికం సంగతి చూడండి. మా అమ్మా నాన్నా మేనత్త మేనమామ బిడ్డలు. మన ఇళ్లలో అది ముచ్చట. నన్ను పుట్టినప్పుడే బావకి అనేశారు. హైస్కూల్లో నా పక్కన కూర్చునే ఒడియా అమ్మాయికి ఈ మాట మామూలుగా చెప్పాను. ఆ పిల్ల పెన్ను కింద పెట్టేసింది. మీ మేనత్త కొడుకు అంటే నీకు అన్న కాదా అంది. మనవాళ్లలో కొందరు సొంత మేనమామనే చేసుకుంటారని చెబితే ఇంకేమయ్యేదో! (సభలో నవ్వులు) నవ్వకండి, ఆ రోజు నుంచి ఇంటికి బావ వస్తే నాకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. 1955 హిందూ వివాహ చట్టం ఆచారం ఉన్నచోట మేనరికాన్ని ఒప్పుకుంటుంది. చట్టం ఒప్పుకున్నా నాకు మనసొప్పలేదు. కాదన్నాను. ఇంట్లో ఏడాది పాటు ఆ టెన్షన్ నడిచింది. మేనత్త మా గడప తొక్కడం మానేసింది.

మేనరికాలు తగ్గడం మంచిదే. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు కొన్ని వంశపారంపర్య జబ్బుల ప్రమాదం ఎక్కువని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు. అయితే దాంతోపాటు పోయినవి కూడా చెప్పాలి. మేనరికంలో అత్తగారు పరాయిది కాదు, నాన్న తోడబుట్టింది. పిల్లకి ఒంట్లో బాగోలేకపోతే సణుగుతూనే కషాయం కాచి ఇస్తుంది. కట్నం అడగడానికి మొహమాటపడుతుంది. బయట సంబంధాలు మొదలయ్యాక మన వీధుల్లో కట్నం రేటు ఎలా పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక కట్టు తెగినప్పుడు ఇంకోటి బిగుసుకుంది. కాబట్టి మార్పు అంటే అంతా ముందుకే అనే లెక్క నా దగ్గర లేదు.

ఇప్పటి పిల్ల దగ్గరికి వస్తాను. ఈమె ఇల్లు వేరు. నాన్న ఇంట్లో ఉండడు. వెనకటికి గోపాల్‌పూర్ నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు. ఇప్పుడు గంజాం పల్లెలనుంచి సూరత్ పవర్లూములకు వెళ్తున్నారు. సముద్రం ఒడ్డున మన వాడబలిజ కుటుంబాల మగవాళ్లు బోట్ల మీద పనికి గుజరాత్ తీరానికీ చెన్నైకీ పోతున్నారు. సంక్రాంతికో ఊరి జాతరకో వస్తారు. ఒడియాలో తపోయి కథ ఉంది, భాద్రపదంలో ఆదివారాలు పెళ్లికాని అమ్మాయిలు నోము పట్టి చెప్పుకునే కథ. ఏడుగురు అన్నలూ ఓడ మీద వ్యాపారానికి పోతారు. ఇంట్లో మిగిలిన గారాబు చెల్లెల్ని వదినలు మేకలు కాయడానికి అడవికి తోలతారు. నేను ఈ కథ పిల్లలకి చెప్పినప్పుడు ఒకమ్మాయి, టీచర్, వాళ్లకి ఫోన్ లేదా అని అడిగింది. ఉండుంటే అన్నలకి వీడియో కాల్ చేసి వదినల్ని చూపించేసేది కదా! మన పిల్లల దగ్గర ఫోను ఉంది. నాన్న రోజూ రాత్రి కనిపిస్తాడు, మార్కులు అడుగుతాడు. ఇంటి పెత్తనం మాత్రం అమ్మ చేతికొచ్చింది. ఎవరూ దయతలచి ఇవ్వలేదు, చేసే మనిషి ఇంకొకరు లేక వచ్చింది.

ఈ అమ్మకి చదువు రాదు, లేదా మా బళ్లో ఐదు దాకా తెలుగు చదివింది. 2001లో ఒడిశా ప్రభుత్వం మిషన్ శక్తి పథకం మొదలుపెట్టాక ఊరూరా మహిళా సంఘాలు వచ్చాయి. సంఘం రిజిస్టరు ఒడియాలో, బ్యాంకు ఫారం ఒడియాలో, బ్లాక్ ఆఫీసు నోటీసు ఒడియాలో. ఎవరు రాస్తారు? నేను కళ్లారా చూసింది చెప్తాను. బ్యాంకులో కౌంటరు పక్కన గట్టు మీద ఏడో తరగతి పిల్ల కూర్చుని ఉంది. స్కూలు యూనిఫాంలోనే ఉంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు, అమ్మా, పిన్నీ, వీధిలోవాళ్లూ. పిల్ల ఒక్కొక్కరి పాస్‌బుక్కూ తీసుకుని ఫారం నింపుతోంది. ఒకామెతో ఎంత కావాలి అని తెలుగులో అడిగి, అంకె ఒడియాలో వేసి, అక్షరాల్లో కూడా రాసి, పిన్నీ ఇక్కడ వేలిముద్ర అని వేలు పట్టుకుని పెట్టించింది. ఫారం అయిపోగానే పెన్ను జడలో దోపుకుంటుంది, రెండో ఫారం రాగానే లాగి తీస్తుంది. కౌంటర్లో ఆయన, పేరులో వ రాశావేంటి, ఇక్కడ బ కదా అన్నాడు. పాస్‌బుక్కులో ఎలా ఉందో అలాగే రాశాను సార్, మీవాళ్లే వేశారు అంది. గదమాయించినట్టు కాదు, మామూలుగా. ఆయన ముద్ర కొట్టేశాడు.

ఈ పిల్లని చూసే మన పెద్దలు, గుంట ఒడియాదైపోయింది, తెలుగు మర్చిపోయింది అంటున్నారు. తెలుగులో అడిగి ఒడియాలో రాసి నలుగురు ఆడవాళ్ల డబ్బు చేతికిప్పించిన పిల్ల ఏం మర్చిపోయిందండీ? వేమన పద్యం రాకపోవచ్చు. రావాలనే నేనూ కోరుకుంటాను, తెలుగు టీచర్ని, నా కడుపు తరుక్కుపోతుంది. అయితే ఆ పద్యం నేర్పడానికి తెలుగు హైస్కూలు పెట్టించుకోలేకపోయింది మనం. టీచరు పోస్టులకోసం కలెక్టరు ఆఫీసు ముందు కూర్చోవాల్సింది మనం. ప్రభుత్వం తొమ్మిది, పది తరగతులకి సైకిళ్లివ్వడం మొదలుపెట్టాక ఆ పిల్ల ఒడియా హైస్కూలుకు తొక్కుకుంటూ పోయింది. దారి ఎటు దొరికితే అటే పోతుంది కదా.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. సూరత్ నుంచి జనం వేలకు వేలు గంజాం తిరిగొచ్చారు. బళ్లు మూసేశారు. తండ్రి ఇంట్లో ఉన్నాడు, పని లేదు, పిల్ల బడి లేదు, పెళ్లికి పదిమందిని పిలవక్కర్లేదు, ఖర్చు తక్కువ. ఏం జరుగుతుందో మీరు ఊహించగలరు. పదో తరగతి పిల్లల తల్లులతో ఫోన్లో ఎంత పోట్లాడానో మా ఇంట్లోవాళ్లకి తెలుసు. 2022 జనవరిలో గంజాంని బాల్యవివాహాలు లేని జిల్లాగా ప్రకటించారు, ఒడిశాలో మొదటి జిల్లా. అధికారులూ అంగన్‌వాడీ అక్కలూ ఇంటింటికీ తిరిగి కష్టపడ్డారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కాకపోతే మనది సరిహద్దు. యానాం గుర్తుంచుకోమన్నాను కదా. ఇక్కడి పిల్లని అమ్మమ్మగారి ఊరని ఇచ్ఛాపురం అవతలికి తీసుకెళ్లి అక్కడ గుళ్లో తాళి కట్టించేస్తే ఆ పెళ్లి ఏ జిల్లా లెక్కలోకి వస్తుంది? 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం దేశమంతటికీ ఒకటే, అటైనా ఇటైనా ఆడపిల్లకి పద్దెనిమిదే. కానీ ఇటు అంగన్‌వాడీ అక్క దగ్గర ఉన్న పేర్ల జాబితా అటువైపు అక్క దగ్గర ఉండదు. రెండువైపులా బంధువులున్నది మనకే కాబట్టి, ఇది మనం కనిపెట్టి చూడాల్సిన పని. పెళ్లిపిలుపు వస్తే పిల్ల ఏ తరగతి అని అడగండి. మొహమాటం వద్దు.

ఇప్పుడు ఆస్తి. మగవాళ్లు కొంచెం సర్దుకుని కూర్చోండి. (నవ్వులు)

మన బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. జరిపించేది తెలుగు ప్రాంతం నుంచి వలస వచ్చిన మన దేవాంగ నేతవాళ్లు. వాళ్ల పెద్ద దేశిబెహెరా, ఆయన భార్య, అమ్మవారిని కూతురిగా భావించి గుడి నుంచి పుట్టింటికి పిలుచుకొస్తారు. దేశిబెహెరా వీధిలో ఆమెకి ప్రత్యేకంగా గుడి కడతారు. అన్ని రోజులూ రాత్రిళ్లు ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా వెళ్తారు. ఊరు ఊరంతా, ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ, ఆడపడుచు ఇంటికొచ్చిందని దండం పెడతారు. నాకు ఆ జాతర ప్రాణం. చూసినప్పుడల్లా ఒక దుర్బుద్ధి పుడుతుంది. ఈ ఆడపడుచు ఇంట్లో వాటా అడిగితే ఏం చేస్తారో అని.

తొమ్మిదెకరాల ఉమ్మడి భూమి అనుకోండి. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి ముందే పోయింది. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. 1956 వారసత్వ చట్టం పాత పద్ధతిలో, ముందు ఆ భూమిని తండ్రికీ ఇద్దరు కొడుకులకీ తలా మూడెకరాలుగా లెక్కేస్తారు. కూతురు ఆ పంపకంలో మనిషే కాదు. తర్వాత తండ్రి మూడెకరాలు ముగ్గురు బిడ్డలకీ తలా ఎకరం. కొడుక్కి నాలుగు, కూతురికి ఒకటి. అటువైపు ఆంధ్రలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం దీన్ని మార్చింది. కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లి కాని అమ్మాయిలకి. ముగ్గురికీ తలా మూడెకరాలు. మహారాష్ట్ర 1994లో మార్చింది. మన ఒడిశా మార్చలేదు. కేంద్రం దేశమంతటికీ మార్చిన తేదీ 2005 సెప్టెంబరు 9. అంటే భూమి ఇచ్ఛాపురంలో ఉంటే కూతురికి మూడెకరాలు, బరంపురం వైపు ఉంటే ఒకటి. ఇరవై ఏళ్ల నాలుగు రోజులు ఇలా నడిచింది. రాష్ట్రం గీత ఎక్కడ గీశారన్నది మా మామ్మకి రైలు సీటు సంగతే కావచ్చు, ఆ తర్వాతి ఆడపిల్లలకి రెండెకరాల సంగతి.

ఇప్పుడు రెండువైపులా ఒకటే చట్టం. పెళ్లయినా కాకపోయినా కూతురికి సమాన హక్కు. 2005లో చట్టం మారిన ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్ట్రేషన్ చేసుకున్న పంపకాలు, కోర్టు డిక్రీతో అయిన పంపకాలు మాత్రం కదపరు. అప్పుడెప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం అని అన్న అంటే, ఆ ఒక్క మాటతో కోర్టులు మామూలుగా ఒప్పుకోవు. రాతపూర్వకమైన, ప్రభుత్వ రికార్డుకెక్కిన ఆధారం అడుగుతాయి.

చట్టం మారింది కానీ పద్ధతి ఏం నడుస్తోందో మీకు తెలుసు. తండ్రి పెద్దకర్మ అయిన మర్నాడు చెల్లిని పీట మీద కూర్చోబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, బరంపురం పట్టుచీర చేతికిచ్చి, అదే పళ్లెంలో ఒక కాగితం పెడతారు. సంతకం పెట్టమ్మా, ఊరికే ఆఫీసులో అడుగుతున్నారు అంటారు. ఆ కాగితం హక్కు వదులుకునే పత్రం. ఒడియాలో ఉంటుంది. చెల్లికి మనం నేర్పింది తెలుగు అక్షరాలు. ఆమె అన్న మొహం చూసి సంతకం పెడుతుంది.

కాబట్టి అక్కలూ, సంతకం పెట్టే ముందు కాగితం ఇంటికి తెచ్చుకోండి. మీ అమ్మాయి ఒడియా చదువుతుంది. ఆమెని కూర్చోబెట్టి మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివించుకోండి. ఖాతా నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, ఏ మౌజా (రెవెన్యూ గ్రామం) అన్నదీ పట్టాతో సరిచూడమనండి. ఆ తర్వాత కూడా అన్నకే ఉండనీ అనిపిస్తే మీ ఇష్టం, నేను కాదనను. మనవాళ్లలో నిజంగా కష్టంలో ఉన్న అన్నదమ్ములు ఉన్నారు. చదివించుకోవడానికి ఒక్కరోజు గడువు అడిగితే అన్న మొహం మాడ్చుకున్నాడంటే మాత్రం, ఇంకో నాలుగు రోజులు గడువు అడగండి.

వకీలు గారు ఒకాయన వచ్చారు, భోజనాలయ్యాక పక్క గదిలో కూర్చుంటారు. పాత పట్టా కాగితాలున్నవాళ్లు తీసుకురండి. లేనివాళ్లు ఊరి పేరూ, ఖాతా నంబరూ తెలిస్తే చాలు, ప్రభుత్వ భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఇప్పుడే తీసి చూడొచ్చు. వచ్చేదంతా ఒడియాలో ఉంటుంది, పిల్లల్ని వెంట తెచ్చుకోండి.